సీసాలోని సాంబ్రాణి: చలికాలపు పరిమళాలపై పాఠకుల ప్రశ్నలు

ధనుర్మాసం దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు అత్తర్లు, సెంట్ల గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. చెట్ల బంకలు, నిర్యాసాలతో తయారయ్యే చలికాలపు పరిమళాల మీద ఈసారి వచ్చిన ప్రశ్నలను ఒక్కచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి విదేశం నుంచి వస్తూ తెచ్చిన సెంటు పెట్టె మీద ‘బెంజాయిన్’ అని రాసి ఉంది. బెంజాయిన్ అంటే మన సాంబ్రాణేనని తెలిసినవారు చెప్పారు. కాని చల్లుకుంటే ఐస్‌క్రీమ్ లాంటి తీపి వాసన వస్తున్నదే తప్ప, శుక్రవారాలు మా ఇంట్లో వేసే సాంబ్రాణి వాసన ఎక్కడా లేదు. మోసపోయామా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మోసపోలేదండీ. మీకు తెలిసినది సాంబ్రాణి పొగ వాసన, ఆ సీసాలో ఉన్నది సాంబ్రాణి వాసన. ఈ రెండూ వేరన్న సంగతి మనలో చాలామందికి తట్టదు, ఎందుకంటే సాంబ్రాణిని మనం నిప్పుల మీద తప్ప మరోలా ఎరగము.

పూజాసామగ్రి అమ్మే కొట్టులో పొడి కాకుండా గడ్డ సాంబ్రాణి అడిగి తెచ్చుకోండి. దాన్ని విరిచి చూస్తే, బూడిదరంగూ ఎర్రమట్టిరంగూ కలిసిన ముద్దలో బాదంపప్పు ముక్కల వంటి పాలతెలుపు పలుకులు ఇరుక్కుని కనిపిస్తాయి. అటువంటి ఒక పలుకును గోటితో గీరి, అరచేతుల మధ్య నిమిషంసేపు నలిపి వాసన చూడండి. మెత్తని తీపి, దాని వెనక కొంచెం దాల్చినచెక్క, ఇంకా వెనక పాత చెక్కబీరువా తెరిచినప్పటి వాసన వస్తాయి. మీ అబ్బాయి తెచ్చిన సీసాలోని వాసనకు ఇది దగ్గరి చుట్టం. అటువంటి పలుకులు ఒక్కటి కూడా కనిపించకపోతే, మీకు అమ్మినది వేరే బంకలు కలిపిన సాంబ్రాణి అయివుండవచ్చు. పేరు సాంబ్రాణే అయినా అంగట్లో దొరికేదంతా ఒకే చెట్టుది కాదు.

నిప్పుల మీద పడిన సాంబ్రాణిలో కొంత భాగం కాలి పొగవుతుంది. అందులోని బెంజోయిక్ ఆమ్లం మాత్రం కాలకుండానే ఆవిరై పైకి లేస్తుంది. ధూపం పక్కన కూర్చున్నప్పుడు గొంతులో గీరినట్టయి దగ్గు రావడానికి ఈ ఆమ్లం కూడా ఒక కారణం. సాంబ్రాణిని వేడిచేసి ఈ ఆమ్లాన్ని తెల్లని సూదుల రూపంలో రాబట్టే పద్ధతి యూరప్‌లో 16వ శతాబ్దం నాటికే తెలుసు. సెంట్లు తయారుచేసేవారు సాంబ్రాణిని కాల్చరు. ఆల్కహాలు వంటి ద్రావణిలో కరిగించి, చెక్కపొట్టూ మట్టీ వడకట్టి, ద్రావణిని తీసివేసి, తేనె కంటే చిక్కగా ఉండే ఒక ముద్దను మిగుల్చుకుంటారు. పొగకు సంబంధించినదేదీ అందులో ఉండదు. మీకు ఐస్‌క్రీమ్ గుర్తుకు రావడం కూడా వింత కాదు, ఎందుకంటే వెనీలాకు ఆ వాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థమే సాంబ్రాణిలోనూ సహజంగా ఉంటుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఇండోనేసియాలోని సుమాత్రా దీవిలో, తోబా సరస్సు చుట్టుపక్కల కొండల్లో దొరికేది దాల్చిన వాసన ఎక్కువగా, కొంచెం మొరటుగా ఉంటుంది. లావోస్ ఉత్తర ప్రాంతపు కొండల నుంచి వచ్చేది వెనీలా వాసన ఎక్కువగా, నునుపుగా ఉంటుంది. అది ఒకప్పుడు బ్యాంకాక్ మీదుగా ప్రపంచానికి చేరేది కనుక సయాం సాంబ్రాణి అన్న పేరు దానికి నిలిచిపోయింది. ఖరీదైన సెంట్లలో ఎక్కువగా వాడేది ఈ రెండోదే. ఈ చెట్లు తమంతట తాము బంక కార్చవు. బెరడుకు గంటు పెడితే, ఆ గాయాన్ని మాన్పుకోవడానికి చెట్టు ఊర్చే రసమే నెలల తరబడి గట్టిపడి సాంబ్రాణి అవుతుంది.

సందర్భం వచ్చింది కనుక పేరు సంగతి కూడా చెబుతాను. అరబ్బు వర్తకులు దీన్ని ‘లుబాన్ జావీ’, అంటే జావా ధూపం అనేవారు. యూరప్ భాషల్లోకి వెళ్ళేటప్పుడు మొదటి ‘లు’ తమ భాషలోని ఉపపదమే (ఇంగ్లీషు ‘the’ వంటిది) అనుకుని జనం దాన్ని వదిలేయగా, మిగిలిన ముక్క అరిగి అరిగి బెంజాయిన్ అయింది. బెంజోయిక్ ఆమ్లానికీ, దాని ద్వారా పెట్రోలు కుటుంబపు బెంజీన్‌కూ పేరు పెట్టింది మన ధూపపు సాంబ్రాణే.

ప్రశ్న: గుగ్గిలం, మైసాక్షి, సాంబ్రాణి, బోళం, శిలారసం: ఇవన్నీ ఒకే జాతివా? సెంట్ల గురించి రాసేవారు కొన్నిటిని రెజిన్ అనీ కొన్నిటిని బాల్సమ్ అనీ ఎందుకు విడదీస్తారు?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ముందుగా తుమ్మబంకను పక్కన పెట్టాలి. తుమ్మబంక నీటిలో కరుగుతుంది, దానికి వాసన లేదు. గుగ్గిలం నీటిలో కరగదు, స్పిరిట్‌లోనో నూనెలోనో కరుగుతుంది. అటువంటివే రెజిన్లు. ఈ రెండు గుణాలూ కలిసినవీ ఉన్నాయి. బోళం, మైసాక్షి ఆ కోవలోవే కనుక వాటిని నీటిలో వేస్తే పూర్తిగా కరగకుండా నీటిని పాలలా మార్చి ఊరుకుంటాయి.

రెజిన్లలో బెంజోయిక్ ఆమ్లమో, దాల్చినచెక్కకు బంధువైన సిన్నమిక్ ఆమ్లమో సమృద్ధిగా ఉన్నవాటిని కచ్చితమైన అర్థంలో బాల్సమ్‌లంటారు. సాంబ్రాణి అందులోదే. టర్కీ నైరుతి ప్రాంతపు చెట్టు నుంచి వచ్చే శిలారసం, కొలంబియా నుంచి వచ్చే టోలూ, పెరూ బాల్సమ్ కూడా అందులోవే. చివరిదాని పేరు నమ్మకండి. అది ఎల్ సాల్వడార్‌లో దొరుకుతుంది, వలసపాలనలో పెరూ రేవు మీదుగా స్పెయిన్‌కు చేరేది కనుక ఆ పేరు వచ్చింది. ఈ గుంపుకంతటికీ తీపి, వెచ్చదనం ఉమ్మడి లక్షణాలు. తోలు, తారు వాసనలు కొద్దిగా తగిలే శిలారసం ఒక్కటే కాస్త గడుసుది.

గుగ్గిలం అన్న మాటను మనం సాల వృక్షపు నిర్యాసానికి వాడతాము. శేషాచలం కొండల్లో ఉండే తంబ చెట్టు కూడా ఆ కుటుంబానిదే. మైసాక్షి అనేది రాజస్థాన్, గుజరాత్‌ల ఎడారి నేలల్లో పెరిగే గుగ్గులు పొదది, దీనిని మితిమీరి గీసి గీసి ఆ మొక్కనే అంతరించిపోయే స్థితికి తెచ్చారు. బోళం దానికి సోదరి వంటిది. సొమాలియా, ఇథియోపియా ప్రాంతాల ముళ్ళచెట్టు నుంచి వస్తుంది. చేదుగా, మందులకొట్టు వాసనతో, పుట్టగొడుగుల తేమ వంటి ఒక చీకటితో ఉంటుంది. బాలింతలకు ఇచ్చేది కనుక మన ఇళ్ళలో దీనికి బాలింతబోళం అన్న పేరుంది. చలికాలపు సెంట్లలో సాంబ్రాణి తీపి వెగటు కాకుండా అడ్డుకునే పని దీనిది. నన్నడిగితే, బోళం లేని తీపి సెంటు ఉప్పు వేయని పాయసం లాంటిది. చిటికెడు పడితేనే రుచి తేలుతుంది.

మీ పట్టికలోని వాటిలో రెండింటిని ఒకే సీసాలో చూడాలంటే మందులషాపుకు వెళ్ళండి. గాయాలకు, ఆవిరి పట్టడానికి వాడే గోధుమరంగు టింక్చర్ బెంజాయిన్ పాత యోగంలో సాంబ్రాణి, శిలారసం, టోలూ బాల్సమ్, వాటితోపాటు ముసాంబరం ఉంటాయి.

ప్రశ్న: క్రిస్మస్ కథలో తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని చదువుకుంటాము. ఆ సాంబ్రాణి, మనం ఇళ్ళలో వేసే సాంబ్రాణి ఒకటేనా?
— ఒక పాఠకురాలు, మెదక్

జవాబు: కాదు. బైబిలును తెలుగులోకి తెచ్చినవారు మన పాఠకులకు తెలిసిన ధూపద్రవ్యం పేరు ఎంచుకున్నారు, అది తప్పుపట్టవలసినది కాదు. మూలంలో ఉన్నది ఒమన్, యెమెన్, సొమాలియా తీరాలలో పెరిగే బోస్వెల్లియా చెట్టు బంక. సుమాత్రా సాంబ్రాణితో దానికి వృక్షశాస్త్రపరంగా చుట్టరికం లేదు. అసలు బంధువు మన అడవుల్లోనే ఉంది. పొడి కొండల మీద కాగితంలా బెరడు ఊడే అందుగు చెట్టు ఆ ప్రజాతిదే.

ఒమన్ దక్షిణాన ఉన్న ధోఫార్‌లో ఈ బంక తీసే తావులనూ, దాన్ని ఎగుమతి చేసిన పాత రేవులనూ యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది. అక్కడివారు పొట్టి కత్తితో బెరడును చెక్కు తీసినట్టు గీసి వదిలేస్తారు. పాలవంటి చుక్కలు ఊరి, రెండు వారాలకు గట్టిపడిన తరువాత వచ్చి గీరుకుంటారు. తొలి గీతకు వచ్చేది నాసిరకం, తరువాతి గీతలకు వచ్చేదే మేలైనది.

సెంట్ల దృష్టితో చూస్తే ఈ రెండు ధూపాలకూ పెద్ద తేడా ఉంది. బోస్వెల్లియా బంకను నీటి ఆవిరితో బట్టీ పెడితే వచ్చే నూనెలో నిమ్మతొక్క, దేవదారు ఆకు వాసనలే ముందు తగులుతాయి, కారణం అందులోని పైనీన్, లిమొనీన్ అనే తేలిక పదార్థాలు. చలిగాలి వంటి ఆ చురుకుదనం సెంటు చల్లుకున్న తొలి నిమిషాల్లో పలుకుతుంది. సాంబ్రాణి గంటల తరువాత, చివర్లో పలుకుతుంది. చలికాలపు సెంట్లలో ఈ రెండింటినీ కలిపి వాడడం వెనక ఉన్న ఉపాయం ఇదే: ఒకటి తలుపు తీస్తుంది, మరొకటి లోపల కూర్చోబెడుతుంది.

ప్రశ్న: నేను టొరంటోలో ఉంటాను. ఇక్కడ జనవరిలో హాయిగా అనిపించే సెంటును సెలవులకు విజయవాడ వచ్చినప్పుడు వాడితే, పక్కన కూర్చున్న మా పిన్ని తలనొప్పి అన్నారు. ఈ వాసనలు చలికాలానికే ఎందుకు? మన చలికాలానికి పనికిరావా?
— ఒక పాఠకుడు, టొరంటో

జవాబు: మీ పిన్నిగారు నిజమే చెప్పారు. ఏ వాసనైనా మన ముక్కుకు చేరాలంటే ముందు ఆవిరి కావాలి, అది ఎంత వేగంగా ఆవిరవుతుందన్నది వేడిని బట్టి ఉంటుంది. నారింజతొక్కలో ఉండే లిమొనీన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. సాంబ్రాణిలోనూ పెరూ బాల్సమ్‌లోనూ ఉండే బెంజైల్ బెంజోయేట్ మరగాలంటే 320 డిగ్రీలు దాటాలి. మొదటిది చర్మం మీద నిమిషాల్లో లేచిపోతుంది. రెండోది గంటల తరబడి కొద్దికొద్దిగా, చర్మపు వెచ్చదనానికి లొంగి బయటకు వస్తూ, తనతోపాటు ఉన్న తేలిక వాసనలను కూడా పట్టి ఉంచుతుంది. సెంట్ల పనివారు బాల్సమ్‌లను వాసన కోసం ఎంత వాడతారో, ఈ పట్టి ఉంచే గుణం కోసం అంత వాడతారు.

టొరంటో చలిలో గాలి తీసుకునే ఆవిరి తక్కువ, పొడిగాలికి ముక్కు పసిగట్టేదీ తక్కువ. పైగా కోటు, మఫ్లరు వాసనను లోపలే దాచి, మీరు వెచ్చని గదిలోకి వచ్చి వాటిని విప్పినప్పుడు ఒక్కసారి వదులుతాయి. అక్కడ నాలుగుసార్లు చల్లుకున్నది ఎదుటివారికి ఒకసారి చల్లుకున్నట్టు అనిపిస్తుంది. విజయవాడలో జనవరి మధ్యాహ్నం 30 డిగ్రీలు ఉంటుంది, తేమ ఉంటుంది, ఒంటి మీద ఉన్నది పలుచని నూలుచొక్కా. అదే నాలుగుసార్లు అక్కడ నాలుగు రెట్లు పలికింది, అంతే.

కనుక మన చలికాలానికి ఇవి పనికివస్తాయి, కాని వేళ తెలిసి వాడాలి. భోగి నాటి తెల్లవారుజామున, మంట దగ్గర నిలబడినప్పుడు, దుప్పటి కప్పుకున్న భుజం మీద ఒక్క చుక్క బోళం, సాంబ్రాణి కలిసిన అత్తరు ఎంత బాగుంటుందో, అదే రోజు మధ్యాహ్నం విందు పంక్తిలో అంత బాధగా ఉంటుంది. లంబసింగి, అరకు, ఆదిలాబాదు వైపు ఉన్నవారికి ఈ ఆంక్ష తక్కువ. తీరప్రాంతం వారు సూర్యాస్తమయం తరువాత, అదీ మెడకు కాక బట్టలోపలి మడతకు రాసుకుంటే మేలు. ‘చలికాలపు సెంటు’ అని పెట్టె మీద అచ్చువేసేది ప్యారిస్ డిసెంబరును దృష్టిలో పెట్టుకుని తప్ప, మన పంచాంగం చూసి కాదు.

ప్రశ్న: చార్మినార్ దగ్గర అంబర్ అత్తరు కొన్నాను. అంబర్ అంటే తిమింగలం నుంచి వచ్చేదని ఒకరు, పూసలు చేసే పసుపురాయి అని ఒకరు అన్నారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: రెండూ నిజమే, కాని మీ సీసాలో ఉన్నది బహుశా ఆ రెండూ కాదు. అరబ్బీలో అంబర్ అంటే మొదట స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారై సముద్రంలో తేలే పదార్థమే. దాన్ని దగ్గర ఉంచుకోవడమూ అమ్మడమూ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కనుక, ‘అసలు తిమింగలం అంబర్’ అని ఎవరైనా చెబితే అబద్ధమైనా అయివుండాలి, నేరమైనా అయివుండాలి. పూసల పసుపురాయి కోట్ల ఏళ్ళనాటి చెట్ల బంక శిలగా మారినది. దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు.

సెంట్ల భాషలో అంబర్ అంటే ఒక కూర్పు: లాబ్డనమ్, సాంబ్రాణి, వెనీలా. ఇందులో లాబ్డనమ్ గురించి కొంచెం చెప్పాలి. మధ్యధరా తీరపు పొద ఒకటి ఎండకు ఆకుల మీద జిగురు ఊరుస్తుంది. ఆ పొదల్లో మేసిన మేకల గడ్డాలకు అంటుకున్న జిగురును దువ్వి తీసేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రెండున్నర వేల ఏళ్ళ క్రితమే రాశాడు. క్రీట్ దీవిలో మేకలకు బదులు తోలుపట్టీలు కట్టిన దంతెను పొదల మీద ఈడ్చేవారు. నేడు ఎక్కువగా స్పెయిన్‌లో కొమ్మలను సోడా కలిపిన నీటిలో ఉడికించి తీస్తారు. ఆ నల్లని ముద్ద వాసన మొదట ఎండిన ఖర్జూరంలా, తరువాత తోలులా, చివరకు ఉప్పుగాలి తగిలిన ఒంటిలా ఉంటుంది. తిమింగలపు అంబర్‌ను గుర్తుచేసేది ఆ చివరి గుణమే, పేరు ఇటు మారింది కూడా బహుశా అందుకే. ఈ అంబర్ కూర్పును లోకప్రసిద్ధం చేసిన సెంట్లలో లాహోరు తోటల పేరు పెట్టుకున్న షాలిమార్ ముఖ్యమైనది. 1925 నాటి ఆ ఫ్రెంచి సెంటులో, వెనిలిన్ కంటే ఘాటైన కృత్రిమ పదార్థాన్ని ధారాళంగా వాడారు.

మీరు కొన్న అత్తరు ఉత్తర్‌ప్రదేశ్‌లో అత్తర్లకు పేరుపొందిన కనౌజ్ నుంచి వచ్చినదైతే అందులో మసాలాలు, వేళ్ళు, మన కూరల్లో వేసే రాతిపువ్వు వంటివి కూడా ఉండవచ్చు. షమామా, హినా అనే చలికాలపు అత్తర్లు కనౌజ్‌లో అలాగే తయారవుతాయి. చందన తైలం ధర పెరిగిన తరువాత దాని బదులు వాసనలేని పారఫిన్ వంటి నూనెలు ఆధారంగా వాడుతున్నారు. కొనే ముందు ముంజేతికి రాసుకుని, పత్తర్‌గట్టీ చుట్టూ ఒక గంట తిరిగి వచ్చి, అప్పుడు బేరం చేయండి. సీసా మూత దగ్గర వాసన చూసి కొనేవారు గంట తరువాతి వాసనను చూడకుండానే డబ్బు ఇస్తున్నారు.

ప్రశ్న: కాలికి దెబ్బ తగిలినప్పుడు టింక్చర్ బెంజాయిన్ పూసి కట్టు కడితే ఆ మేర దద్దురు లేచింది. ఇప్పుడు చలికాలపు సెంట్లు వాడితే మెడ మీద అదే దద్దురు. సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉండే అవకాశం చాలా ఉంది, చర్మవైద్యులను కలిసినప్పుడు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి. బాల్సమ్‌ల వల్ల ఎలర్జీ కొత్త విషయం కాదు. చర్మవైద్యులు వీపు మీద అతికించి చేసే ప్యాచ్ పరీక్షలో పెరూ బాల్సమ్ ప్రపంచమంతటా ఉండే పదార్థం. అది పడనివారిలో కొందరికి దాల్చినచెక్క, లవంగం, వెనీలా కూడా పడవు. శుద్ధి చేయని పెరూ బాల్సమ్‌ను సెంట్లలో వాడరాదని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ నియమమే పెట్టుకుంది. శుద్ధి చేసినదానికీ పరిమితి ఉంది.

పరీక్ష అయ్యేవరకు ఒంటికి ఏదీ రాయవద్దు. పెట్టె మీద బెంజైల్ బెంజోయేట్, బెంజైల్ సిన్నమేట్, సిన్నమైల్ ఆల్కహాల్ అన్న పేర్లు కనిపిస్తే అవి ఈ కుటుంబానివేనని గుర్తుపెట్టుకోండి. సహజం కనుక హాని చేయదన్న మాట ఇక్కడ చెల్లదు.

ప్రశ్న: ఇంట్లో సాంబ్రాణితో అత్తరు చేసుకోవచ్చా? కంప్యూటర్ సాంబ్రాణి పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కంప్యూటర్ సాంబ్రాణిలో బొగ్గుపొడీ, రంపపుపొట్టు వంటివీ, అదనపు సెంటూ ఉంటాయి. అది నిప్పుకే తప్ప ఒంటికి పనికిరాదు. గడ్డ సాంబ్రాణి కొబ్బరినూనెలో సరిగా కరగదు. కరిగించగల శుద్ధమైన ఆల్కహాలు అనుమతి లేకుండా మామూలువారికి దొరకదు. రంగులకొట్టులో అమ్మే స్పిరిట్‌ను చర్మానికి తగలనివ్వకండి.

సరదా తీరాలంటే ఒక పని చేయండి. గాజుగ్లాసులో పన్నీరు పోసి, అందులో టింక్చర్ బెంజాయిన్ నాలుగు చుక్కలు వదలండి. చుక్క పడిన చోట పొగలా విచ్చుకుని, నీరంతా పాలలా తెల్లబడుతుంది. స్పిరిట్‌లో కరిగిన సాంబ్రాణి నీటిలో కరగలేక సన్నని రేణువులై విడిపోవడమే దానికి కారణం. ఒకప్పుడు ఫ్రాన్సులో సాంబ్రాణి, పన్నీరు కలిపి ఇలాగే చేసినదాన్ని ‘కన్యకపాలు’ అన్న అర్థమిచ్చే పేరుతో ముఖానికి పూసుకునేవారు. మందులషాపు టింక్చరుతో చేసినదాన్ని మీరు మాత్రం పూసుకోకండి, చూసి వాసన పీల్చి ఊరుకోండి. బట్టలకైతే, గడ్డ సాంబ్రాణిని పలుచని గుడ్డలో మూటకట్టి ఉన్నిబట్టల మధ్య పెడితే చాలు.

ప్రశ్న: నిరుడు కొన్న సెంటు రంగు ముదిరి తేనెరంగైంది. పాడైనట్టా? దాని మరక తెల్ల పంచె మీద పడితే పోవడం లేదు.
— ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: పాడుకాలేదు. వెనిలిన్ ఎక్కువగా ఉన్న సెంట్లన్నీ గాలికీ వెలుతురుకీ అలా ముదురుతాయి. వాసన పుల్లబడనంతవరకు వాడుకోవచ్చు. పెట్టెలోనే, చల్లని బీరువాలో ఉంచండి, స్నానాల గదిలో వద్దు. మరకను నీటితో రుద్దితే అది ఇంకా లోపలికి పోతుంది. మరక కింద పాతగుడ్డ పెట్టి, చేతులకు రాసుకునే శానిటైజరులో దూది ముంచి పైనుంచి అద్దుతూ, దూది మారుస్తూ, చివర సబ్బుతో ఉతకండి. జరీ అంచు మీద పడితే మాత్రం మీరు చేయి పెట్టకుండా డ్రైక్లీనింగుకు ఇవ్వండి.